ఆధార్ ముద్రా? మిడతలు డ్రోన్లా? ప్రకటన గ్రంథం మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజుల్లో సగానికి పైగా బైబిల్లో ఆఖరి పుస్తకమైన ప్రకటన గ్రంథం గురించే. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం. కొన్నిటికి పెద్ద జవాబు రాయాల్సి వచ్చింది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: వందనాలు బ్రదర్. మా అత్తగారికి వితంతు పెన్షన్ వస్తుంది. మా వీధిలో కాటేజ్ మీటింగ్‌కి వచ్చిన ఒక దైవజనుడు ఆధార్ నంబరే మృగం ముద్ర అని, మెషీన్ మీద వేలు పెడితే కుడిచేతి మీద ముద్ర వేయించుకున్నట్టేనని చెప్పారు. అప్పట్నుంచి ఆమె పెన్షన్‌కి వేలు పెట్టనంటున్నారు, రేషన్‌కి కూడా వెళ్లట్లేదు. ఎంత చెప్పినా ఏడుస్తున్నారు. ఏం చెప్పాలి? (ఒక సోదరి, తణుకు)

జవాబు: అమ్మా, ముందు అత్తగారిని పెన్షన్ తెచ్చుకోమనండి. వాక్యం తర్వాత చూద్దాం. ఒక పెద్దావిడ బియ్యం, మందులు మానుకుని భయంతో ఇంట్లో కూర్చున్నారు, మీరు రాసిన దాంట్లో నన్ను కదిలించింది అదే.

ఇప్పుడు వాక్యం. 13వ అధ్యాయం 16, 17 వచనాలు అందరికీ నోటికొచ్చు, కుడిచేతి మీదో నొసటి మీదో ముద్ర, అది లేనివాడు కొనలేడు అమ్మలేడు. చాలామంది అక్కడితో బైబిల్ మూసేస్తారు. ఈ గ్రంథం రాసిన యోహాను అక్కడ ఆగలేదు, అధ్యాయాల నంబర్లు ఆయన పెట్టినవి కాదు కదా, 666 అనే ఆ సంఖ్య మాట చెప్పిన వెంటనే సీయోను పర్వతం మీద గొర్రెపిల్ల (అంటే యేసు), ఆయనతో 1,44,000 మంది, వాళ్ల నొసళ్ల మీద గొర్రెపిల్ల పేరూ తండ్రి పేరూ రాసి ఉన్నాయి అంటాడు (14:1). ఈ రెండు గుంపుల్నీ కావాలనే పక్కపక్కన నిలబెట్టాడు. తండ్రి పేరు నొసటి మీద ఉండటం అంటే ఏంటని అత్తగారిని అడగండి, ఆవిడే చెప్తారు, వాళ్లు దేవునివాళ్లు అని. దాన్ని చిప్పు అనీ పచ్చబొట్టు అనీ ఎవరూ అనరు. మరి కాస్త ముందున్న ముద్రని మాత్రం మెషీన్ ఎలా చేస్తాం? అది కూడా వీళ్లు ఎవరివాళ్లు, ఎవరికి మొక్కుతున్నారు అని చెప్పే గుర్తే.

ఇది యోహాను కొత్తగా తెచ్చిన బొమ్మ కూడా కాదు. యెహెజ్కేలు 9లో యెరూషలేములో జరిగే హేయకార్యాలు చూసి మూలుగుతున్నవాళ్ల నొసట గుర్తు వేయమని దేవుడు చెప్తాడు. ద్వితీయోపదేశకాండం 6:8లో దేవుని మాటల్ని చేతికి సూచనగా కట్టుకో, కన్నుల నడుమ బాసికంలా ఉండనీ అంటాడు. చెయ్యి అంటే మనం చేసే పని, నొసలు అంటే మన ఆలోచన, ఈ రెండూ దేవునివి కావాలని మోషే చెప్పాడు, మృగం వచ్చి ఆ రెండూ నావి అంటోంది.

మరి కొనడం అమ్మడం ఏంటంటే, యోహాను ఈ గ్రంథం రాసి పంపిన ఏడు సంఘాల వాళ్లకి అది రోజూ పడే బాధ. వాటిలో ఒకటైన తుయతైరలో రంగులవాళ్లకి, కంచరివాళ్లకి, తోలుపనివాళ్లకి వేర్వేరు వృత్తి సంఘాలు ఉండేవి, అక్కడి శాసనాల్లో వాటి పేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి (ఊదారంగు పొడి అమ్మే లూదియ ఆ ఊరావిడే, అపొస్తలుల కార్యములు 16:14). ఆ సంఘాల విందులంటే దేవతల పేరు మీద జరిగే విందులు, అక్కడ కూర్చోనివాడికి పని ఎవరిస్తారు? ఇంకో ఊరు ఎఫెసులో రోమా చక్రవర్తి డొమిషియన్ కుటుంబానికి గుడే కట్టారు. పక్క ప్రాంతమైన బితూనియలో సుమారు 112లో ప్లినీ అనే గవర్నరు చక్రవర్తికి రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది, క్రైస్తవులని తెస్తే చక్రవర్తి ప్రతిమ ముందు ధూపం, ద్రాక్షారసం అర్పించమంటాను, క్రీస్తుని శపించమంటాను, చేస్తే వదిలేస్తాను అని అందులో రాశాడు. 13వ అధ్యాయంలో మృగం ప్రతిమకి మొక్కనివాళ్ల గురించి చదివి వీళ్లకి వేరే వివరణ అక్కర్లేదు.

14:9లో కూడా మొక్కడం, ముద్ర రెండూ ఒకే వాక్యంలో కలిసి ఉన్నాయి. తెలియకుండా, పొరపాటున, క్యూలో నిలబడి వేయించుకునే ముద్ర బైబిల్లో లేదు. పెన్షన్ కోసం వేలు పెట్టినప్పుడు యేసుని వదిలెయ్యమని ఎవరూ అడగలేదు. రేపు ఎప్పుడైనా క్రీస్తుని కాదంటేనే బియ్యం ఇస్తాం అనే రోజు వస్తే అది అత్తగారికి కళ్లకి కట్టినట్టు తెలుస్తుంది, ఆ రోజు వద్దు అని చెప్పే ధైర్యం ఆవిడకి దేవుడే ఇస్తాడు. ఆధార్ డేటా భద్రంగా ఉందా లేదా అన్నది పౌరులుగా అడగాల్సిన మంచి ప్రశ్నే, దాన్ని ఆవిడ రక్షణతో కలపొద్దు. 1970ల్లో అమెరికా షాపుల్లో బార్‌కోడ్ మొదలయ్యాక అందులో 666 దాగుందన్నారు, తర్వాత క్రెడిట్ కార్డు అన్నారు, మొన్న కరోనా టీకా అన్నారు. ఒక్కోసారి ఒక్కో వస్తువు పేరు చెప్పి విశ్వాసుల్ని భయపెట్టడమే జరుగుతోంది.

ప్రశ్న: 666 అంటే నీరో అని ఒకరు, పోపు అని ఒకరు, రాబోయే క్రీస్తు విరోధి అని ఒకరు. ఎవరిది కరెక్ట్? (ఒక సోదరుడు, ఖమ్మం)

జవాబు: ఆ కాలంలో అంకెలకి వేరే గుర్తులు లేవు, అక్షరాలే అంకెలు, అందుకే ప్రతి పేరుకీ ఒక మొత్తం వచ్చేది. రోమా చక్రవర్తి నీరో కైసరు పేరుని హీబ్రూ అక్షరాల్లో రాసి కూడితే 666 వస్తుంది. ఇది ఊహ అనుకుంటే ఇంకోటి చూడండి, కొన్ని పాత ప్రతుల్లో 666 బదులు 616 ఉంది. నీరో పేరుని లాటిన్‌లో పలికినట్టు రాస్తే చివరి అక్షరం పోతుంది, ఆ అక్షరం విలువ 50, అప్పుడు సరిగ్గా 616. రెండు లెక్కలూ ఒకే మనిషి దగ్గర కలవడం వల్ల ఎక్కువమంది పండితులు ఇటే మొగ్గుతారు, నాకూ ఇదే బలంగా కనిపిస్తుంది. రోము తగలబడ్డాక 64లో క్రైస్తవుల్ని చిత్రహింసలు పెట్టి చంపించింది ఆయనే, ఆయన చచ్చాక కూడా మళ్లీ వస్తాడనే పుకారు ఆసియాలో చాలాకాలం నడిచింది, 13వ అధ్యాయంలో మృగానికి చావుదెబ్బ మానిన తల గురించి చదివేటప్పుడు ఆ పుకారు గుర్తు పెట్టుకోండి.

అంటే మృగం నీరోతో అయిపోయిందా? నేనలా అనట్లేదు. దేవుని ప్రజల్ని నలిపి తనకే మొక్కమనే ప్రతి అధికారంలోనూ ఆ ముఖం కనిపిస్తుంది, చివర్లో ఇంకా ఘోరంగా కనిపించొచ్చు. కానీ పేరు మాత్రం పెట్టకండి. రెండో శతాబ్దంలోనే ఐరేనియస్ అనే బిషపు 666కి సరిపోయే రెండు మూడు పేర్లు తనే చెప్పి, ఇదే అని తేల్చి చెప్పడం ప్రమాదం, ఆ పేరు మనకి ఇప్పుడు అవసరమైతే దర్శనం చూసినవాడే చెప్పేవాడు అన్నాడు. యోహాను శిష్యుడైన పోలికార్పుని చిన్నప్పుడు చూసినవాడు ఆయన. ఆయనే ఆగాడు, మనం కూడా ఆగుదాం.

ప్రశ్న: 9వ అధ్యాయంలో మిడతలు హెలికాప్టర్లు అని మా యూత్ మీటింగ్‌లో వీడియో చూపించారు, ఇప్పుడేమో డ్రోన్లు అంటున్నారు. ఇనుప మైమరువులు, రెక్కల చప్పుడు, తోకలో కొండి, అన్నీ సరిపోతున్నాయి కదా అన్నా? (ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: తమ్ముడూ, సరిపోతున్నట్టు ఎందుకనిపిస్తుందంటే ఆ వీడియోవాళ్లు సరిపోయేవి మాత్రమే చూపిస్తారు. అదే అధ్యాయంలో వాటికి స్త్రీల తలవెంట్రుకలు ఉన్నాయి, బంగారంలాంటి కిరీటాలున్నాయి, వాటికి అగాధపు దూత రాజుగా ఉన్నాడు, గడ్డి జోలికి చెట్ల జోలికి వెళ్లొద్దు, నొసట దేవుని ముద్ర లేనివాళ్లనే బాధపెట్టు అని ఆజ్ఞ ఉంది (9:4). ముద్ర ఉందో లేదో చూసి వదిలేసే హెలికాప్టర్ ఏ సైన్యంలో ఉంది?

ఒక పని చెయ్యి. పాతనిబంధనలో యోవేలు ప్రవక్త పుస్తకం 1:6 తీసి, 2:4, 5 తీసి, ప్రకటన 9:7 నుంచి 9 వరకు పక్కన పెట్టుకుని చదువు. యోవేలులో మిడతలకి సింహం పళ్లు, ఇక్కడా సింహం పళ్లే. అక్కడ గుర్రాల్లా కనిపిస్తాయి, ఇక్కడ యుద్ధానికి సిద్ధమైన గుర్రాల్లా. అక్కడ రథాల చప్పుడు, ఇక్కడ కూడా అదే. యోహాను ఆకాశంలో తెలియని యంత్రాన్ని చూసి మాటలు దొరక్క ఇలా రాశాడు అని చెప్తుంటారు, నిజానికి ఆయనకి మాటలు యోవేలు దగ్గర రెడీగా ఉన్నాయి. యూదుల సమాజమందిరంలో ఆ ప్రవచనం విన్నవాడికి ఇది వినగానే యెహోవా దినం, పశ్చాత్తాపపడండి అనే పిలుపు చెవిలో పడుతుంది, ఐగుప్తు మీదికి వచ్చిన మిడతలు కూడా గుర్తొస్తాయి. అధ్యాయం చివర చూడు, ఇంత జరిగినా మిగిలినవాళ్లు మారుమనస్సు పొందలేదు అని బాధగా ముగుస్తుంది. ఆయుధాల గురించి వెతికితే ఆ ఆఖరి రెండు వచనాలు చదవకుండా వదిలేస్తాం.

2020లో మిడతల దండు రాజస్థాన్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర దాకా వచ్చి ఆదిలాబాద్ వైపు అలర్ట్ పెట్టినప్పుడు మన గ్రూపుల్లో ఎన్ని వాయిస్ మెసేజులు తిరిగాయో నీకూ తెలుసు, అవి మాత్రం పచ్చటి చేలనే తిన్నాయి. 1986లో చెర్నోబిల్ అణుకేంద్రం పేలినప్పుడు కూడా ఆ పేరు మాచిపత్రి జాతి మొక్కది, 8:11లో పడే నక్షత్రం పేరు మాచిపత్రి, కాబట్టి ఆ వచనం నెరవేరిందన్నారు. అక్కడ నక్షత్రం ఆకాశం నుంచి పడి నదుల్లో మూడో వంతు చేదవుతుంది, చెర్నోబిల్లో రియాక్టర్ పేలింది. మాచిపత్రి అంటే ఏంటో యిర్మీయా 9:15లో ఉంది, దేవుణ్ని వదిలి బయలు దేవతల వెంట పోయిన జనానికి దేవుడు తినిపించే చేదు. యోహాను ఆ పేజీ నుంచి మాట్లాడుతున్నాడు.

ప్రశ్న: ఏది సూచన, ఏది అక్షరార్థం అని ఎలా తెలుస్తుంది? ఒకరు అన్నీ అక్షరాలా అంటారు, ఇంకొకరు అన్నీ ఆత్మీయం అంటారు. (సండే స్కూల్ టీచర్, గుంటూరు)

జవాబు: మీలాంటివాళ్లు ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం, పిల్లలకి చెప్పేది మీరే కదా.

మన పేపర్లో కార్టూన్ చూడండి, సైకిల్ ఫ్యాన్‌ని గుద్దేస్తుంటుంది, పక్కన కారు ఆగి చూస్తుంటుంది. మన రెండు రాష్ట్రాల్లో టీ కొట్టు దగ్గర పేపర్ తిరగేసేవాడు కూడా ఇది ఏ పార్టీలో ఒక్క క్షణంలో చెప్తాడు. ఇంకో దేశంవాడు ఐదొందల ఏళ్ల తర్వాత చూస్తే రోడ్డు ప్రమాదం అనుకుంటాడు. కార్టూన్ అబద్ధం కాదు, అది చెప్పే ఎన్నికలు నిజం, అక్కడ సైకిల్ అంటే ఏంటో తెలియాలి అంతే. సూచన అంటే నిజం కాదని మనవాళ్లు భయపడతారు, ఆ భయం అక్కర్లేదు.

ఇప్పుడు ఆ గుర్తులకి అర్థం ఎక్కడ దొరుకుతుందంటే, చాలా వాటికి అదే పేజీలో ఉంది. 1:20లో ఏడు నక్షత్రాలు ఏడు సంఘాల దూతలు, ఏడు దీపస్తంభాలు ఏడు సంఘాలు అని యేసుప్రభువే చెప్పేశాడు. ధూపం పరిశుద్ధుల ప్రార్థనలు (5:8). ఘటసర్పం సాతాను (12:9). వేశ్య కూర్చున్న జలాలు ప్రజలు, జనసమూహాలు (17:15), ఏడు తలలు ఏడు కొండలు (17:9), ఆ స్త్రీ భూరాజులని ఏలే మహాపట్టణం (17:18). ఏడు కొండల పట్టణం అనగానే ఆ రోజుల్లో చిన్నపిల్లాడు కూడా రోము అంటాడు. సన్నపు నారబట్టలు పరిశుద్ధుల నీతిక్రియలు (19:8). దానియేలులో కూడా ఇదే పద్ధతి, 8వ అధ్యాయంలో రెండు కొమ్ముల పొట్టేలు మాదీయ పారసీక రాజులు, మేకపోతు గ్రీకుల రాజు అని దూత పేరు పెట్టి మరీ చెప్పాడు, ఆ మేకపోతు పెద్ద కొమ్ము విరిగి నాలుగు మొలవడం అలెగ్జాండర్ క్రీస్తుపూర్వం 323లో చనిపోయి రాజ్యం ముక్కలవడంలో చూస్తాం.

అక్కడ లేకపోతే పాతనిబంధనలో వెతకాలి. 13లో సముద్రంలోంచి వచ్చే మృగం చిరుతపులిలా, ఎలుగుబంటి పాదాలతో, సింహం నోటితో ఉంటుంది. దానియేలు 7లో సింహం, ఎలుగుబంటి, చిరుతపులి, పది కొమ్ముల భయంకర మృగం నాలుగూ వేర్వేరుగా సముద్రంలోంచి వస్తాయి, నాలుగు రాజ్యాలు. యోహాను నాలిగింటినీ కలిపి ఒక్కదాన్ని చేశాడు, అంటే ఇంతవరకూ వచ్చిన సామ్రాజ్యాల క్రూరత్వం అంతా ఒక్కచోట కుప్పపడింది. దీనికి ఇవాళ్టి పేపర్ అక్కర్లేదు, దానియేలు కావాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 5వ అధ్యాయం, పిల్లలకి ఇక్కణ్నుంచే మొదలుపెట్టండి. గ్రంథం విప్పేవాడు లేడని యోహాను బాగా ఏడుస్తాడు. ఒక పెద్ద వచ్చి "ఏడువకుము, ఇదిగో దావీదుకు చిగురైన యూదా గోత్రపు సింహము" అంటాడు. యోహాను విన్నది సింహం. తలెత్తి చూస్తే అక్కడ ఉన్నది "వధింపబడినట్లుండిన గొఱ్ఱెపిల్ల". ఏడు కొమ్ములు, ఏడు కళ్లు ఆ గొర్రెపిల్లకి, ఏడు కళ్లు దేవుని ఏడు ఆత్మలు అని అక్కడే చెప్పాడు. అన్నీ అక్షరాలా తీసుకోవాలనే బ్రదర్ కూడా ప్రభువుకి ఏడు కళ్లున్నాయని బొమ్మ గీయడు, మరి ఇక్కడ సూచన అని ఒప్పుకున్నాక మిగతా చోట్ల కూడా ఆ కళ్లతోనే చూడొచ్చు. విన్నది ఒకటి, చూసింది ఇంకొకటి, రెండూ ఒకటే. 7వ అధ్యాయంలో కూడా 1,44,000 అనే లెక్క వింటాడు, చూస్తే ఎవరూ లెక్కపెట్టలేని గొప్ప సమూహం. ఈ రెండూ ఒకే గుంపా వేరా అని వాదనలున్నాయి, 5వ అధ్యాయం చదివాక ఒకటే అని నాకు అనిపిస్తుంది.

ప్రశ్న: ఏడు సంఘాలు ఏడు యుగాలు అని, మనం లవొదికయ యుగంలో ఉన్నామని విన్నాం. నిజమా? (ఒక పాస్టర్ గారి భార్య, నెల్లూరు)

జవాబు: అమ్మా, ఆ బోధ చాలా మంది భక్తిపరులు చెప్పిందే, ముఖ్యంగా 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిల్ నోట్సు వల్ల బాగా పాకింది. కానీ వాక్యంలో యుగాలనే మాట ఎక్కడా లేదు. పైగా ఒక్కో తరం తనదే చివరి యుగం అనుకుని పేజీ జరుపుతూ వచ్చింది.

ఆ ఏడూ ఇప్పటి టర్కీలో ఉన్న నిజమైన ఊళ్లు, శిథిలాలు చూడొచ్చు. లవొదికయకి ఎదురుగా సుమారు పది కిలోమీటర్ల దూరంలో హియెరాపొలి, అక్కడ వేడినీటి ఊటలు, జనం జబ్బులు తగ్గించుకోడానికి వెళ్లేవాళ్లు. ఇంకోవైపు కొలొస్సయి, అక్కడ చల్లటి నీళ్లు. లవొదికయకి సొంత మంచినీళ్లు చాలక దూరం నుంచి రాతి గొట్టాల్లో తెచ్చుకునేవాళ్లు, ఆ గొట్టాల లోపల సున్నం పేరుకుపోయి ఇప్పటికీ కనిపిస్తుంది. వేడినీళ్లు ఒంటికి మంచివి, చన్నీళ్లు దాహానికి మంచివి, గోరువెచ్చటి సున్నపు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉమ్మేయాలనిపిస్తుంది. నువ్వు గోరువెచ్చగా ఉన్నావు, నిన్ను ఉమ్మివేస్తాను అని ప్రభువు అనగానే (3:16) వాళ్లకి ఆ రోజు పొద్దున తాగిన నీళ్లు గుర్తొచ్చి ఉంటాయి. ఇంకా చూడండి, 60లో భూకంపం వస్తే రోము సాయం తీసుకోకుండా సొంత డబ్బుతో ఊరు కట్టుకున్నారు, అలాంటివాళ్లని నువ్వు దరిద్రుడివి అన్నాడు. నల్ల ఉన్నికి పేరున్న ఊరిని తెల్లబట్టలు కొనుక్కోమన్నాడు.

ఇది వాళ్లకి రాసిన ఉత్తరం, మనకీ చెవి ఉంటే వినొచ్చు, ప్రతి ఉత్తరం చివర సంఘాలతో అని బహువచనంలోనే ఉంది. డబ్బు బాగా వచ్చి ప్రభువు తలుపు బయట నిలబడ్డ సంఘం ఏ శతాబ్దంలో ఉన్నా అది లవొదికయే, పక్క వీధిలో ఆ ఏడింటిలోని స్ముర్నలా బాధపడే సంఘం అదే రోజు ఉండొచ్చు.

ప్రశ్న: అన్నా నేను కువైట్‌లో డ్రైవర్‌ని, మాది కడప జిల్లా. యూట్యూబ్‌లో ఒక పాస్టర్ గారు దానియేలు లెక్కలు వేసి రెండేళ్లలో సంఘం ఎత్తబడుతుంది (విశ్వాసుల్ని ప్రభువు పైకి తీసుకెళ్లిపోతాడు), ఇళ్లు కట్టొద్దు, ఉన్నది సేవకి ఇచ్చేయండి అంటున్నారు. ఇంటి కోసం పంపుతున్న డబ్బు ఆపేయాలా? అప్పు కూడా ఉంది.

జవాబు: ఆపొద్దు తమ్ముడూ. అప్పు తీర్చు, ఇల్లు కట్టు, ఇంట్లోవాళ్లకి టైముకి డబ్బు పంపు. థెస్సలొనీకలో కూడా ప్రభువు దినం వచ్చేసిందని కలవరపడ్డవాళ్లు, పని మానేసి తిరిగేవాళ్లు ఉన్నారు, పౌలు వాళ్లకి "ఎవడైనను పనిచేయ నొల్లనియెడల వాడు భోజనము చేయకూడదు" అని గట్టిగానే రాశాడు.

ఇలాంటి లెక్కలు ఎన్నో అయిపోయాయి. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు, బోధకుడు, దానియేలు 8:14లో 2300 దినాలని సంవత్సరాలు చేసి క్రీస్తుపూర్వం 457 నుంచి లెక్కపెట్టి 1843, 44 అన్నాడు, ఆయన వెనకున్నవాళ్లు చివరికి 1844 అక్టోబర్ 22 అని తేల్చారు. కొందరు చేలో పంట కోయకుండా వదిలేశారు. రాత్రంతా ఎదురుచూసి తెల్లారి ఏడ్చారు. వాళ్లు మోసగాళ్లు కాదు, ప్రభువుని నిజంగా ప్రేమించినవాళ్లే, అందుకే ఆ చరిత్ర చదివితే గుండె తరుక్కుపోతుంది. నిజానికి ఆ 2300 మాట ఉన్న చోట గ్రీకు రాజ్యంలోంచి లేచిన చిన్న కొమ్ము, ఆగిపోయిన బలులు ఉన్నాయి, అంతియొకస్ రాజు క్రీస్తుపూర్వం 167లో దేవాలయాన్ని అపవిత్రం చేయడం, 164లో మళ్లీ శుద్ధి కావడం అక్కడ కళ్లముందు కనిపిస్తుంది. తర్వాత 1948లో ఇశ్రాయేలు దేశం వచ్చింది, తరం అంటే 40 ఏళ్లు కాబట్టి 1988 అన్నారు. హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో బోధకుడు 2011 మే 21 అన్నాడు, అది కాకపోతే అక్టోబర్ 21 అన్నాడు, జనం దాచుకున్న డబ్బు బోర్డులకి పెట్టారు, 2012లో తేదీ చెప్పడం పాపమని ఆయనే బహిరంగంగా ఒప్పుకున్నాడు.

ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప దూతలకీ కుమారునికీ తెలియదని మత్తయి 24:36లో ప్రభువే అన్నాడు. కాలాలు సమయాలు తెలుసుకోవడం మీ పని కాదని ఆరోహణానికి ముందు మళ్లీ అన్నాడు (అపొస్తలుల కార్యములు 1:7). అంతకంటే తెలిసినవాడు యూట్యూబ్‌లో ఉండడు. రెండేళ్లలో అంతా అయిపోతుందనేవాడు నీ డబ్బు తన ఖాతాకి పంపమంటే, ఆయనకి రెండేళ్ల తర్వాత ఆ డబ్బు ఎందుకో ఆయన్నే అడుగు.

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్లు. వీబీఎస్‌లో (సెలవుల బైబిల్ స్కూల్లో) సంఘం ఎత్తబడటం, విడిచిపెట్టబడిన పిల్లలు అని సినిమా చూపించారు. అప్పట్నుంచి రాత్రి లేచి మేం మంచం మీద ఉన్నామో లేదో చూసి వెళ్తోంది. స్కూల్ నుంచి వచ్చేసరికి నేను కనిపించకపోతే వణికిపోతోంది. (ఒక తల్లి, విశాఖపట్నం)

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు వేరే పని చేయలేకపోయాను తల్లీ. ఈ పుస్తకం వచ్చింది భయపడుతున్నవాళ్ల భయం తీయడానికి. పత్మాసు ద్వీపంలో బందీగా ఉన్న ముసలి అపొస్తలుడు యోహాను ప్రభువు పాదాల దగ్గర చచ్చినవాడిలా పడిపోతే ఆయన కుడిచెయ్యి అతని మీద ఉంచి "భయపడకుము" అన్నాడు (1:17). చెయ్యి వేసి అన్న మొదటి మాటే అది. ఆ మాట మీ పాపకి ఎవరూ చెప్పలేదు.

కొన్నాళ్లు ఆ సినిమా ఊసు ఇంట్లో వద్దు. పాపని తిట్టొద్దు, ప్రార్థన చేసుకుంటే పోతుందని ఒంటరిగా వదలొద్దు, లేచి వచ్చినప్పుడు పక్కన పడుకోబెట్టుకోండి. పగలు వెలుతురులో 7వ అధ్యాయం 9 నుంచి 17 చదివి వినిపించండి, తర్వాత 21:4, "ఆయన వారి కన్నుల ప్రతి బాష్పబిందువును తుడిచివేయును". ఈ పుస్తకంలో గొర్రెపిల్ల అని యేసుని ఎన్నిసార్లు పిలిచారో పెన్సిల్‌తో గుర్తు పెట్టమనండి, సుమారు 28 సార్లు వస్తుంది, పిల్లలకి అలాంటి పని ఇష్టం. మృగం కోసం వెతికిన పాప అదే పేజీల్లో ఆయన్ని వెతుకుతుంది. యేసు అమ్మానాన్నల్ని దొంగతనంగా తీసుకెళ్లిపోయేవాడు కాదు, చిన్నపిల్లల్ని నా దగ్గరికి రానివ్వండి అన్నవాడు అని మీ నోటితో చెప్పండి. నెల దాటినా నిద్ర సరిగా లేకపోతే పిల్లల డాక్టర్‌కి చూపించండి, అది విశ్వాసం తక్కువై కాదు. టీచర్లతో కూడా మెల్లగా మాట్లాడండి, వాళ్లు మంచి మనసుతోనే చూపించి ఉంటారు, కానీ తొమ్మిదేళ్ల పిల్లలకి అది చూపించకూడదు, ఈ మాట నేను పత్రిక ముఖంగానే చెప్తున్నాను.

ప్రశ్న: మాది గుంటూరు, లూథరన్ కుటుంబం. నాకు కుదిరిన సంబంధం పాలకొల్లు, వాళ్లు బ్రదరెన్. ప్రధానం (నిశ్చితార్థం) రోజే వెయ్యేళ్ల పాలన మీద, ఎత్తబడటం మీద మా నాన్నకీ వాళ్ల పెదనాన్నకీ పెద్ద వాదన అయింది. ఇప్పుడు వాళ్లు మా విశ్వాసం మీదే అనుమానపడుతున్నారు.

జవాబు: ఇది మీ రెండు ఇళ్ల మధ్య పుట్టిన గొడవ కాదమ్మా. ప్రకటన 20లో క్రీస్తుతో వెయ్యేళ్లు ఏలడం అనే మాట ఉంది. ఆ వెయ్యేళ్లు అంటే క్రీస్తు పునరుత్థానం నుంచి రాకడ వరకు ఉన్న సంఘ కాలమే అని ఐదో శతాబ్దంలో అగస్టీన్ అనే బిషపు చెప్పాడు, లూథరన్లు 1530లో రాసుకున్న విశ్వాస ప్రకటన కూడా పునరుత్థానానికి ముందు భూమ్మీద భక్తుల రాజ్యం అనే మాటని ఒప్పుకోదు. లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు 1842లో గుంటూరు వచ్చినప్పుడు ఆ బోధతోనే వచ్చారు. అటు గోదావరి డెల్టాకి 1836లో బౌడెన్, బీర్ దొరలు వచ్చారు, వాళ్లు బ్రదరెన్, ఆ సహవాసంలోనే 1830ల నుంచి డార్బీ అనే బోధకుడి వల్ల చివరి కాలపు శ్రమలకి ముందు సంఘం రహస్యంగా ఎత్తబడుతుందనే బోధ బలపడింది. మీ నాన్నగారూ వాళ్ల పెదనాన్నగారూ తమ తమ సండే స్కూల్లో నేర్చుకున్నదే చెప్పారు.

నన్నడిగితే ప్రకటన 20ని నేను మీ నాన్నగారిలాగే చదువుతాను. అయితే ఆ ఒక్క అధ్యాయం మీద భేదం వల్ల ఎవరి రక్షణా పోదు. క్రీస్తు తిరిగి వస్తాడు, చనిపోయినవాళ్లు లేస్తారు, ఆయన తీర్పు తీరుస్తాడు, ఇందులో రెండు ఇళ్లకీ తేడా లేదు. అబ్బాయితో మీరు సూటిగా మాట్లాడండి, పెళ్లయ్యాక ఏ సంఘానికి వెళ్తారు, పిల్లలకి బాప్తిస్మం చిన్నప్పుడా పెద్దయ్యాకా, నిజంగా ముందే తేల్చుకోవాల్సినవి ఇవి, వెయ్యేళ్ల కంటే ఇవే త్వరగా మీ ముందుకొస్తాయి. పెద్దవాళ్లిద్దర్నీ మళ్లీ కూర్చోబెట్టేటప్పుడు మీ పాస్టర్ గారినీ వాళ్ల సంఘపు పెద్దనీ కూడా పిలవండి, 20వ అధ్యాయం తీయకుండా 19లో ఉన్న గొర్రెపిల్ల పెండ్లివిందు చదివించి ప్రార్థన చేయించండి.